చిన్న పజిల్ గేమ్ చూపిస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కావలిలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. గోడో ఇంజిన్‌తో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సొంతంగా ఒక మొబైల్ పజిల్ గేమ్ చేసింది. తెల్ల స్క్రీన్, నాలుగు రంగుల గడులు, 30 లెవెల్స్, అంతే. దాన్ని చూపించి గేమ్ కంపెనీల్లో ప్రయత్నిస్తానంటోంది. ఇంత చిన్న గేమ్‌కు విలువుంటుందా?
- ఓ తండ్రి, ఒంగోలు

జవాబు: ఉంటుందండీ. ఇలాంటి గేమ్‌లో కథ, బొమ్మలు, హంగులు ఉండవు కాబట్టి డిజైన్ ఎలా ఉందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పైగా మొదలుపెట్టింది పూర్తి చేసింది. విద్యార్థుల ప్రాజెక్టులు చాలావరకు సగంలోనే ఆగిపోతాయి.

అయితే దాచుకోడానికి ఏమీ లేకపోవడంతో లోపాలు కూడా వెంటనే బయటపడతాయి. ఎక్కువగా దెబ్బతినేది లెవెల్స్ వరసలో. చేసినవాళ్లకు జవాబు ముందే తెలుసు, అందుకే కష్టం ఎంతో అంతుపట్టదు. ఆ గేమ్ ఎప్పుడూ చూడని ఐదుగురికి ఫోనిచ్చి, పక్కన కూర్చుని, నోరు మెదపకుండా గమనించమనండి. ఎవరు ఏ లెవెల్లో ఆగారు, ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టారు అన్నది రాసుకోవాలి. ముగ్గురు ఒకేచోట ఆగారంటే, తప్పు ఆ లెవెల్‌లోనే ఉండనక్కర్లేదు. అక్కడికి కావలసిన కిటుకును అంతకుముందు నేర్పి ఉండరు. ఒక లెవెల్‌కు ఒక్క కొత్త నియమమే పెట్టాలి. వేసిన ఎత్తును వెనక్కి తీసుకునే అన్‌డూ బటన్ తప్పనిసరి. ఒక్క తప్పుకు మొదటికి రావాల్సి వస్తే చాలామంది గేమ్ తీసేస్తారు.

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లుంటారు కాబట్టి ప్రతి రంగు మీదా చుక్కో గీతో ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఒంగోలు బస్టాండు బయట ఫోన్ తెరిచి చూడమనండి, తెలుపు మీద లేత బూడిద గడి కనపడదు. వెనకున్న రంగుతో వెలుగు తేడా (కాంట్రాస్ట్) గడులకు కనీసం 3:1, అక్షరాలకు 4.5:1 ఉండాలి. వేలితో నొక్కేచోటు 48 డీపీకి (ఆండ్రాయిడ్ తెర మీద సైజు కొలత) తగ్గకూడదు.

అసలు బలహీనత వేరే ఉంది: ఇందులో కోడింగ్ సత్తా పెద్దగా కనపడదు. అందుకని బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్‌తో (ఒక ఎత్తుతో చేరేవి, తర్వాత రెండు ఎత్తులతో చేరేవి, ఇలా వరసగా వెతికే పద్ధతి) ఒక సాల్వర్, అంటే లెవెల్‌ను తనే పరిష్కరించే ప్రోగ్రామ్, రాయమనండి. ప్రతి లెవెల్‌కూ పరిష్కారం ఉందా, తక్కువలో తక్కువ ఎన్ని ఎత్తుల్లో అయిపోతుంది అన్నది అదే చెప్పాలి. ఆ కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్‌ను నలుగురికీ చూపించే వెబ్‌సైట్) ఉంటే ఇంటర్వ్యూలో అడిగే డేటా స్ట్రక్చర్స్ ప్రశ్నలకు అమ్మాయి దాన్నే చూపించి మాట్లాడగలదు. మన దగ్గర మొబైల్ గేమ్ కంపెనీలు ఎక్కువగా యూనిటీ అనే గేమ్ ఇంజిన్, సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష అడుగుతాయి. రెండో ప్రాజెక్టు వాటిలో చేయడం మేలు.

దీనిమీద ఆదాయం మాత్రం లెక్కేసుకోకండి. నియమం చిన్నదైతే నకలు తేలిక. థ్రీస్ అనే అంకెల పజిల్ గేమ్ 2014 ఫిబ్రవరిలో డబ్బుకు అమ్ముడైంది. మార్చిలోనే అదే తరహా గేమ్ 2048 ఉచితంగా వచ్చి ప్రపంచమంతా పాకింది.

ప్లే స్టోర్‌లో పెట్టడానికి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే అందరికీ విడుదల చేసేముందు 12 మంది టెస్టర్లు (గేమ్‌ను పరీక్షించేవాళ్లు) 14 రోజులు వరసగా కొనసాగాలి. సరిగ్గా 12 మందినే తీసుకుంటే ఒక్కరు తప్పుకున్నా లెక్క చెడుతుంది, హాస్టల్లో 20 మందిని చేర్చుకోమనండి. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు సిద్ధం కావడం మాత్రం ఆపొద్దు. వారానికి ఆరేడు గంటలు గేమ్‌కు కేటాయిస్తే చాలు.