ఆటలోని వస్తువు పోతే అది దొంగతనమేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. రెండేళ్లుగా ఫోనులో ఒక ఆట ఆడుతూ, ట్యూషన్లు చెప్పి సంపాదించిన డబ్బుతో అందులో దుస్తులు, తుపాకీ స్కిన్లు (తుపాకీ రూపాన్ని మార్చే అలంకరణలు) కొనుక్కున్నాడు. మొత్తం రూ.38 వేలు. గత నెల ఎవరో ఖాతా కొంటామని నమ్మించి, ఓటీపీ చెప్పించుకుని, పాస్‌వర్డు మార్చేశారు. అదే రోజు కంపెనీకి ఈమెయిల్ పంపితే, 11 రోజుల తర్వాత ‘ఆ వస్తువులు మావి, మీవి కావు’ అని జవాబు వచ్చింది. పోలీస్ స్టేషన్‌లో ‘ఆటలో బొమ్మలు పోతే కేసా?’ అని పంపేశారు. మాకు ఏ హక్కూ లేదా?

జవాబు: ఉందమ్మా. ముందు పోలీసుల సంగతి చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని అలా పంపేయడం తప్పు. పోయిన వస్తువు ఏదైనా సరే, మరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడుకోవడమే సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 66సి కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. స్టేషన్‌లో మళ్లీ నిరాకరిస్తే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173(4) ప్రకారం మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

ఇది దొంగతనం కూడానా? చట్టం దృష్టిలో దొంగతనమంటే చరాస్తిని కాజేయడం. పాత శిక్షాస్మృతిలో చరాస్తి అంటే భౌతిక రూపం ఉన్నదే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ ‘భౌతిక’ అనే మాట లేదు. భూమి, దానికి అంటుకుని ఉన్నవి తప్ప అన్ని రకాల ఆస్తీ అందులోకి వస్తుంది. కాబట్టి వాదనకు ఇప్పుడు చోటు దొరికింది. నెదర్లాండ్స్‌లో ఇద్దరు కుర్రాళ్లు 13 ఏళ్ల పిల్లవాడిని కొట్టి, కత్తి చూపి, రూన్‌స్కేప్ అనే ఆటలో అతని తాయెత్తును, ముసుగును తమ ఖాతాకు మార్పించుకున్నారు. ఆ దేశ సుప్రీంకోర్టు 2012లో దాన్ని దొంగతనమే అంది. పిల్లవాడు వాటికోసం సమయం, శ్రమ వెచ్చించాడు, అవి అతని అధీనంలో ఉన్నాయి, వీరు లాక్కున్నారు, అంతే. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడి ఉండనక్కర లేదు. అయినా మీ అబ్బాయి తరఫున నేనైతే తప్పక ఉదహరిస్తాను. మీ ఫిర్యాదును మాత్రం 66సి మీదే నిలపండి.

ఇక కంపెనీ. ‘వస్తువులు మావి’ అన్న మాటకు చట్టంలో బలం ఉంది. ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా ఒప్పుకునే షరతుల్లో, మనం డబ్బు చెల్లించేది వాడుకునే అనుమతికే అని సాధారణంగా రాసి ఉంటుంది. అయితే కౌలుకు తీసుకున్న పొలం రైతుది కాకపోయినా, వేసిన పంట మీద అతనికి ఏ హక్కూ లేదని ఎవరూ అనరు కదా! మీ అబ్బాయి డబ్బు చెల్లించిన వినియోగదారుడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం డిజిటల్ ఉత్పత్తుల అమ్మకాన్నీ ఈ-కామర్స్‌లో చేర్చింది. 2020 నాటి నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఖాతా చేజారిందని అదే రోజు చెప్పినా 11 రోజులు దాన్ని స్తంభింపజేయకపోవడం సేవాలోపమని నా అభిప్రాయం. మీ కేసుకు ప్రాణం ఆ మొదటి ఈమెయిలే. తేదీ, సమయం కనిపించేలా దాన్ని భద్రపరచండి, చెల్లింపుల రశీదులు కూడా.

ఒక బలహీనత ఉంది. ఖాతా అమ్మకూడదని షరతుల్లో ఉంటే, మీ అబ్బాయి అమ్మడానికి ఒప్పుకున్న సంగతిని కంపెనీ తప్పక ఎత్తి చూపుతుంది. దాన్ని ఎక్కడా దాచవద్దు. ఆ సంభాషణలు ఎలాగూ బయటపడతాయి, అప్పుడు మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

ముందు నోటీసు పంపండి. స్పందన లేకపోతే, కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. మీరు చెల్లించిన మొత్తానికి కోర్టు ఫీజు ఉండదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. మొదట ఖాతా పునరుద్ధరణ కోరండి, అది కుదరకపోతే డబ్బు వాపసు, ఖర్చులు అడగండి. ఖాతా మీ అబ్బాయిది, డబ్బూ అతనిదే, పైగా మేజరు. కనుక ఫిర్యాదిగా సంతకం మీరు కాకుండా అతనే చేయాలి.