ఓడెక్కే ముందు ఊరు రాయి

చిత్తూరు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. వలస అనగానే మనకు గల్ఫ్, అమెరికా గుర్తొస్తాయి. మద్రాసు రేవులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకుతోటలకు పోయిన మనవాళ్ల గురించి తిరుపతిలో చదువుకునే పిల్ల రాయాలనుకోవడం నాకు చాలా సంతోషం. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

నువ్వు తుఫానుతో మొదలుపెట్టావు. అలలు, చీకటి, ఏడుపులు. నాలుగు పేజీలు గడిచినా ఆ ఓడలో ఉన్నది ఏ ఊరివాళ్లో నాకు తెలియలేదు. ఆ పేజీలు తీసి ఇంకో ఓడ కథలో పెట్టినా అతుక్కుపోతాయి. వాటిని కొట్టెయ్యి.

మన కూలీలను నాటాల్‌కు తీసుకెళ్లిన మొదటి ఓడ ట్రూరో. 1860 అక్టోబర్ 12న మద్రాసులో బయల్దేరి నవంబర్ 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. పది రోజులకు కలకత్తా నుంచి బెల్వెడేర్ వచ్చింది, దారిలోనే అందులో కలరా సోకింది. తర్వాత ఉమ్లాజి, ఉమ్‌జింటో లాంటి స్టీమర్లు వచ్చి ప్రయాణానికి పట్టే రోజులు తగ్గాయి. 1911 వరకు మొత్తం లక్షా యాభై రెండు వేల మంది దాకా వెళ్లారు. అలా ఓడెక్కిన ప్రతి మనిషికీ కూలీల రిజిస్టరులో ఒక వరస ఉంది: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటి మీది మచ్చలు. నీ కథకు విత్తనం అక్కడుంది, సముద్రంలో లేదు.

ఆ రిజిస్టరులో జిల్లా గడిలో చిత్తూరు కోసం వెతికి, దొరకలేదని దిగులుపడ్డావు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. నాటాల్‌కు కూలీలను పంపడం ఆగిపోయింది అదే ఏడాది జూలైలో. అంటే మనవాళ్లు దాదాపు అందరూ వేరే జిల్లా పేరు కిందే నమోదయ్యారు. ఉత్తర ఆర్కాటు కింద చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు చూడు. మదనపల్లె, వాయల్పాడు వాళ్లయితే కడప జిల్లాలో ఉంటారు. రాసుకున్నవాడు మద్రాసులో కూర్చున్న గుమాస్తా. మనవాళ్ల నోట విన్నదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. ఊరి పేరు గట్టిగా చదువు, మన యాసలో పలుకు, అప్పుడు ఊరు తెలుస్తుంది. దొరికితే బస్సెక్కి ఆ ఊరికి వెళ్లు. చెరువు ఎక్కడుందో, ఏ పొలాలకు నీళ్లు పారేవో ముసలివాళ్లను అడుగు.

ఎందుకు పోయారన్నది తేలిగ్గా తేల్చెయ్యకు. 1876-78లో ధాత కరువు మన సీమను ఊడ్చేసింది. ఆ ఏళ్లలో ఓడెక్కిన వాడి మనసు ఒకటి, పంటలు బాగున్న ఏడాది ఎక్కినవాడి మనసు ఇంకొకటి. అందరినీ, కూలీలను పోగుచేసే ఏజెంట్ల చేతిలో మోసపోయిన అమాయకులను చేశావు. మోసం జరిగింది, నిజమే. కానీ అప్పు నుంచో, కులం నుంచో, అత్తింటి నుంచో తప్పించుకుని తెలిసే పోయినవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్ల గురించి మరీ జాగ్రత్తగా ఆలోచించు. ప్రతి ఓడలో మగవాళ్ల లెక్కకు తగ్గట్టు ఇంతమంది ఆడవాళ్లు ఉండాలని నియమం ఉండేది. ఒంటరిగా వచ్చిన ఆడమనిషి కోసం ఏజెంటు ఎందుకంతగా తిరిగేవాడో దాంతో అర్థమవుతుంది. నీ కథలో ఒక్క ఆడమనిషికీ మాట లేదు. ఇది నాకు బాధ కలిగించింది.

తోటల్లో కూలీల ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, తిండి, తర్వాత ఏటా ఒక షిల్లింగు పెంపు. ఈ లెక్కలు నీ పాత్రలకు తెలిసి ఉండాలి. అలాంటి బతుకులో మాటలు ఎక్కువగా కూలి చుట్టూ, బియ్యం చుట్టూ తిరుగుతాయి.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైన సంగతి. 1871లో కొందరు గడువు తీరి మద్రాసుకు తిరిగొచ్చారు. వచ్చి ఊరుకోలేదు. కొట్టారని, కూలి ఎగ్గొట్టారని అధికారులకు చెప్పారు. కూలీలను పంపడం అప్పటికే ఆగిపోయింది. అది మళ్లీ మొదలయ్యే ముందు, 1872లో నాటాల్ ప్రభుత్వం విచారణ కమిషన్ వెయ్యాల్సి వచ్చింది. పంపడం మళ్లీ మొదలైంది 1874లో. చదువు రాని కూలీల మాట ఒక ప్రభుత్వాన్ని కదిలించింది. మనవాళ్లను ఏడ్చేవాళ్లుగానే రాసే ముందు వీళ్లను తలుచుకో. తిరిగొచ్చే ఓడ మీద ఎవరూ పెద్దగా రాయలేదు. నువ్వు రాయొచ్చు.

భాష గురించి ఒక్క మాట. సంభాషణల్లో పుస్తకాల తెలుగు తీసెయ్యి. మీ అవ్వ మాట్లాడినట్టు మాట్లాడనీ.

వచ్చే నెల తిరుపతి వస్తున్నాను. రిజిస్టర్ల నుంచి నువ్వు ఎత్తిరాసుకున్న పేర్లు, ఊర్లు ఒక నోట్‌బుక్‌లో తెచ్చుకో. కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం. ఈలోపు కథ తిరగరాయడం మొదలుపెట్టకు.

ఆశీస్సులతో.