మీ జట్టు కొత్తగా తెచ్చుకున్న ఆటగాడు మొదట్లో నచ్చక, తర్వాత పిచ్చిగా నచ్చేసిన సందర్భం ఉందా?

ఉంది. కాకపోతే క్రికెట్‌లో కాదు, బేస్‌బాల్‌లో. ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆ ఆట పరిచయం ఉండదు కాబట్టి అక్కడక్కడా ఆగి చెబుతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓర్చుకోండి.

ఆటగాడి పేరు ఫ్రాన్సిస్కో లిండోర్. జట్టు న్యూయార్క్ మెట్స్. ఆ ఊళ్ళో రెండు జట్లున్నాయి. పేరూ, కప్పులూ అన్నీ యాంకీస్‌వి. మెట్స్ ఆఖరిసారి కప్పు గెలిచింది 1986లో. మరి నేను మెట్స్ అభిమానిని ఎందుకయ్యానంటే రైలు వల్ల. అప్పట్లో క్వీన్స్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆదివారం ఏడో నంబరు రైలెక్కి ఫ్లషింగ్‌లోని గణేశ్ గుడికి వెళ్ళడం, దర్శనం అయ్యాక అక్కడి క్యాంటీన్‌లో దోసె తినడం అలవాటు. తిరుగు రైల్లో మొదటి స్టేషనే మెట్స్ మైదానం, సిటీ ఫీల్డ్. ఒక ఆదివారం ఊరికే దిగాం. అంతే, ఇక వదల్లేదు.

తెనాలిలో చదువుకునే రోజుల్లో నేను మా వీధి జట్టులో పాయింట్‌లో నిలబడేవాణ్ణి. బ్యాటింగ్ పదో నంబరు, బౌలింగ్ ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు. ఫీల్డింగ్ ఒక్కటే నా ఆస్తి. అందుకే బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టగానే కళ్ళు షార్ట్‌స్టాప్ మీదికి పోయాయి. బ్యాటర్ వరసగా తొక్కుతూ చుట్టి రావాల్సిన మజిలీలు బేస్‌లు, అన్నీ చుట్టి వస్తే ఒక పరుగు. వాటిలో రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు షార్ట్‌స్టాప్. కుడిచేతి బ్యాటర్ బలంగా లాగి కొట్టిన బంతి చాలాసార్లు నేల మీద గెంతుతూ అటే వస్తుంది. కొట్టినవాడు 90 అడుగులు పరిగెత్తి మొదటి బేస్ తొక్కడానికి నాలుగున్నర సెకన్లు పట్టదు. ఆలోపు బంతి అందుకోవాలి, గ్లవ్‌లోంచి తియ్యాలి, వంద అడుగుల పైచిలుకు దూరం గురిగా విసరాలి. మధ్యలో చెయ్యి ఒక్కసారి తడబడినా అయిపోయినట్టే. మన అజారుద్దీన్ వంగి బంతి తీసి, పూర్తిగా లేవకుండానే వికెట్ల మీదికి వేసేవాడు చూడండి, ఆ ఒడుపు కావాలి. అదీ ఆరు నెలల్లో 162 ఆటలు.

2021 జనవరి 7న మెట్స్ లిండోర్‌ని క్లీవ్‌ల్యాండ్ నుంచి తెచ్చుకుంది. కార్లోస్ కరాస్కో అనే పిచర్ (బంతి వేసేవాడు) కూడా వచ్చాడు. బదులుగా నలుగురు కుర్రాళ్ళని పంపించారు. అందులో ఇద్దరు అప్పటిదాకా మన షార్ట్‌స్టాప్‌లు, అమెద్ రొసారియో, ఆండ్రెస్ హిమెనెస్. హిమెనెస్ అంటే నాకు బాగా ఇష్టం. ఇరవై రెండేళ్ళవాడు, చేతులు మహా చురుకు. సొంత పిల్లాణ్ణి పంపేసి ఇల్లరికపుటల్లుణ్ణి తెచ్చుకున్నారని ఆ రోజు ఇంట్లో గొణిగాను. సీజన్ మొదలవడానికి ముందు రోజు రాత్రి కట్నం కూడా తేలింది, పదేళ్ళకి 34.1 కోట్ల డాలర్లు. "ఆ డబ్బుతో అమరావతి కట్టచ్చు" అని మా బావమరిది వాట్సాప్‌లో జోకు.

లిండోర్ మంచి ఆటగాడని నాకు తెలియక కాదు. ఫీల్డింగ్‌కి ఇచ్చే అవార్డు, గోల్డ్ గ్లవ్, అప్పటికే రెండుసార్లు వచ్చింది, 2016లో, 2019లో. 2016లో క్లీవ్‌ల్యాండ్‌తో వరల్డ్ సిరీస్ అనే ఫైనల్లో ఆఖరిదైన ఏడో ఆట దాకా వెళ్ళి వచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడని మిస్టర్ స్మైల్ అని పిలిచేవాళ్ళు. నాకు ఆ నవ్వే ముందు నచ్చలేదు. ఇంత డబ్బిస్తే నేనూ నవ్వుతాను కదా.

అల్లుడు వచ్చీ రాగానే బ్యాట్ మూలన పడేసినట్టు ఆడాడు. ఏప్రిల్, మే నెలల్లో వందసార్లు బ్యాట్ పడితే ఇరవై హిట్లు (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం) రావడం కూడా గగనమైపోయింది. సొంత మైదానంలోనే "బూ" అని అరుపులు. నేనూ అరిచాను, దాచుకోవడం ఎందుకు. మే 7 రాత్రి ఆట మధ్యలో ఆటగాళ్ళందరూ ఉన్నట్టుండి డగౌట్ వెనక సొరంగంలోకి పరిగెత్తారు. లిండోర్‌కీ రెండో బేస్‌మన్ జెఫ్ మెక్‌నీల్‌కీ ఏదో గొడవైందని టీవీ చూసే వాళ్ళందరికీ అర్థమైంది. ఆట తర్వాత విలేకరులు అడిగితే, అక్కడో జంతువు కనబడిందనీ, అది ఎలుకా రకూనా అని వాదించుకున్నామనీ చెప్పాడు. మా ఊళ్ళో అయితే పందికొక్కు అని తేల్చేసి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. తమాషా ఏమిటంటే ఆ గొడవైన ఇన్నింగ్స్‌లోనే హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి స్కోరు సమం చేశాడు.

ఆగస్టులో ఇంకో తలనొప్పి. బాగా ఆడినప్పుడు కొందరు ఆటగాళ్ళు ప్రేక్షకుల వైపు బొటనవేలు కిందికి చూపించడం మొదలుపెట్టారు. మీరు మమ్మల్ని వెక్కిరిస్తే మేమూ మిమ్మల్ని వెక్కిరిస్తాం అన్నమాట. లిండోర్ కూడా అందులో ఉన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పాడనుకోండి. సెప్టెంబర్ 12న యాంకీస్ మీద ఒకే ఆటలో మూడు హోమ్ రన్లు కొట్టి 7-6తో గెలిపించినప్పుడు మాత్రం సోఫా ఎక్కి గెంతాను. అది యాంకీస్ ఓడినందుకు వచ్చిన ఆనందం. లిండోర్ స్థానంలో ఎవరున్నా అలాగే గెంతేవాణ్ణి.

మనసు మారింది 2022 ఎండాకాలంలో. కారణం మా అమ్మాయి.

దానికప్పుడు ఏడేళ్ళు. బేస్‌బాల్ అంటే మహా విసుగు, మూడో ఇన్నింగ్స్‌కల్లా "ఇంటికెళ్దాం నాన్నా" మొదలు. నోరు మూయించడానికి ఒకరోజు బైనాక్యులర్స్ ఇచ్చి, "ఒకళ్ళని పట్టుకుని వాళ్ళేం చేస్తున్నారో నాకు చెబుతూ ఉండు" అన్నాను. మేం పైన, మూడో బేస్ వైపు కూర్చున్నాం. దానికి దొరికిన నంబరు 12. లిండోర్‌ది.

ఇక కామెంటరీ మొదలుపెట్టింది. "కాళ్ళతో మట్టి సర్దుతున్నాడు." "వేళ్ళు చూపిస్తున్నాడు." "రెండడుగులు ఇటు జరిగాడు. మళ్ళీ అటు జరిగాడు." "చిన్న గెంతు గెంతాడు." కాసేపటికి, "నాన్నా, గ్లవ్ మొహానికి అడ్డం పెట్టుకుని నోరు తెరుస్తున్నాడు" అంది. ఆవులింత అయి ఉంటుందన్నాను. "కాదు, ఇందాక మూసుకున్నాడు, ఇప్పుడు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు" అని పట్టుబట్టింది.

బైనాక్యులర్స్ తీసుకుని చూశాను. నిజమే. మొదటి బేస్ మీద అవతలి జట్టువాడు ఉన్నప్పుడల్లా, పిచర్ బంతి వెయ్యడానికి ముందు లిండోర్ మెక్‌నీల్ వైపు తిరిగి, గ్లవ్ చాటున నోటితో ఏదో చేస్తున్నాడు. ఇంటికొచ్చి వెతికితే తెలిసింది. బ్యాటర్ కొట్టకముందే రన్నర్ రెండో బేస్‌కి దొంగ పరుగు తీస్తే బంతి అందుకోవడానికి బేస్ దగ్గరికి ఎవరు వెళ్ళాలి, షార్ట్‌స్టాపా, రెండో బేస్‌మనా? అది ముందే తేల్చుకోవాలి, అవతలివాళ్ళకి తెలియకూడదు. మామూలుగా వాడే సైగ, నోరు మూసుకుంటే నేను వెళ్తాను, తెరిస్తే నువ్వెళ్ళు అని. బంతి బంతికీ మారచ్చు. ఇద్దరికీ అర్థం కాకపోతే బేస్ ఖాళీ, విసిరిన బంతి సెంటర్ ఫీల్డ్‌లోకి. ఏడాది క్రితం సొరంగంలో కొట్టుకున్న ఆ ఇద్దరే రోజూ ఇలా మాట్లాడుకుంటున్నారని తట్టినప్పుడు ఒళ్ళు కాస్త జల్లుమంది.

అప్పటినుంచీ నేను బంతిని చూడటం తగ్గించాను. లిండోర్‌ని చూడటం మొదలుపెట్టాను. టీవీలో ఇది కనబడదు, కెమెరా ఎప్పుడూ పిచర్, బ్యాటర్ మీదే ఉంటుంది. మైదానానికి వెళ్తేనే తెలుస్తుంది. ఎడం ఫీల్డ్‌లో బంతి గోడ దాకా పోతే, అది తీసి విసిరేవాడికీ బేస్‌కీ మధ్య వరసలోకి లిండోర్ పరిగెత్తుకొచ్చి నిలబడతాడు. బంతి వచ్చేలోపు ఒకసారి మెడ తిప్పి రన్నర్ ఎక్కడున్నాడో చూసుకుంటాడు. ఒకే బంతికి ఇద్దర్ని ఔట్ చేసే డబుల్ ప్లేలో బంతిని రెండో బేస్ దగ్గరికి అందించేటప్పుడు విసరడు, అరచేతిలోంచి వదిలినట్టు వదులుతాడు. అవతలివాడి ఛాతీ ఎత్తుకి, పట్టుకోవడానికి వీలుగా. పిచర్ వరసగా బాల్స్ (గురి తప్పిన బంతులు) వేసి బెదిరిపోతే, పనేం లేకపోయినా నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళి రెండు మాటలు చెప్పి వస్తాడు. బ్యాటింగ్‌లో సున్నా చుట్టిన రోజున కూడా ఇవన్నీ తప్పకుండా జరుగుతాయి. ఇంకో మాట, 2021లో నేను "బూ" అని అరిచిన రోజుల్లోనూ జరిగే ఉంటాయి. నేను స్కోర్‌బోర్డు మీద అంకె చూసి అరిచాను. వీధి జట్టులో ఎవడైనా నన్ను అలా పరుగుల లెక్కతో కొలిస్తే ఎంత ఒళ్ళు మండేదో నాకు గుర్తుంది.

ఆ జూన్‌లో హోటల్ గది తలుపులో పడి వేలు విరిగింది, విసిరే చేతి మధ్యవేలు. ఒక్క ఆట మానేశాడు. మొత్తం ఏడాదిలో మానేసింది అదొక్కటే. 161 ఆటల్లో తన బ్యాటింగ్‌తో జట్టుకి 107 పరుగులు రప్పించాడు, మెట్స్ షార్ట్‌స్టాప్‌లలో అంతకుముందు ఎవరూ అన్ని రప్పించలేదు. జట్టు 101 ఆటలు గెలిచి సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీల్లో, అంటే ప్లేఆఫ్‌లో, మొదటి రౌండ్‌లోనే శాన్ డియాగో చేతిలో ఓడింది, అది మెట్స్ సంప్రదాయం. 2023 ఇంకా దారుణం, జట్టు అడుగంటింది. లిండోర్ మాత్రం 31 హోమ్ రన్లు కొట్టి 31 బేస్‌లు దొంగిలించాడు. సీజన్ అయ్యాక మోచేతికి ఆపరేషన్, అప్పటిదాకా నొప్పితోనే ఆడాడట.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఫీల్డింగ్ చూసి నేను ఇంతగా పడిపోయిన మనిషికి మెట్స్ చొక్కాలో ఆ నాలుగేళ్ళూ గోల్డ్ గ్లవ్ రాలేదు. క్లీవ్‌ల్యాండ్ వెళ్ళిన మా హిమెనెస్‌కి రెండో బేస్ దగ్గర వరసగా మూడు వచ్చాయి, 2022, 23, 24. అంటే పంపేసినందుకు నేను గొణిగింది కూడా తప్పు కాదు. అయినా ఇప్పుడు ఎవరైనా వెనక్కి మార్చుకుంటావా అంటే ససేమిరా అంటాను.

2024 మొదట్లో మళ్ళీ పాత కథ, హిట్లు లేవు. ఈసారి సిటీ ఫీల్డ్‌లో లిండోర్ బ్యాటింగ్‌కి వస్తుంటే జనం "బూ" అనలేదు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతకుముందు ఏడాది ఫిలడెల్ఫియా వాళ్ళు తమ షార్ట్‌స్టాప్ ట్రే టర్నర్‌కి అలా చేస్తే ఆట తిరిగింది, అది చూసి నేర్చుకున్నారు. నేను వెళ్ళిన రోజున నేనూ నిలబడ్డాను. మా అమ్మాయి కుర్చీ ఎక్కి నిలబడింది. ఆ చప్పట్లు పనిచేశాయని చెప్పను, వెంటనే ఏమీ మారలేదు. మే 29కి 55 ఆటల్లో 33 ఓడిపోయారు. ఆ రోజు ఆట అవగానే లిండోర్ ఆటగాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడాడు. బ్యాటింగ్ వరసలో అతన్ని మొదటికి తెచ్చింది కూడా ఆ నెలలోనే. తర్వాత జట్టు వేరే జట్టయిపోయింది.

సెప్టెంబర్ 30, సోమవారం. తుఫాను వల్ల వాయిదా పడ్డ రెండు ఆటలు అట్లాంటాలో ఒకే రోజు. ఒకటి గెలిస్తే ప్లేఆఫ్‌లోకి. వెన్నునొప్పితో దాదాపు రెండు వారాలు కూర్చుని లిండోర్ అప్పుడే తిరిగొచ్చాడు. నాకు ఆఫీసు కాల్, కెమెరా ఆపేసి ఫోన్ కీబోర్డుకి ఆనించి పెట్టుకున్నాను. ఏడు ఇన్నింగ్స్ దాకా 0-3. ఎనిమిదిలో ఆరు పరుగులు. హమ్మయ్య అనుకునేలోపు అట్లాంటా నాలుగు కొట్టి 7-6. ఆ టెన్షన్ తట్టుకోలేక లేచి మంచినీళ్ళకి వెళ్ళాను. వచ్చేసరికి తొమ్మిదో ఇన్నింగ్స్, ఒకడు బేస్ మీద, లిండోర్ బ్యాటింగ్. బంతి కుడివైపు మధ్యలోంచి గోడ దాటింది. 8-7. నేను అరిచిన అరుపుకి పక్కగదిలోంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. మైకు మ్యూట్‌లోనే ఉంది, దేవుడి దయ.

తొమ్మిది రోజుల తర్వాత, అక్టోబర్ 9న ప్లేఆఫ్ సిరీస్‌లో ఫిలడెల్ఫియాతో నాలుగో ఆట, సిటీ ఫీల్డ్‌లో. టికెట్ ధర చూసి టీవీయే చాలనుకున్నాం. ఆరో ఇన్నింగ్స్‌లో 0-1 వెనకబడి ఉన్నారు, మూడు బేస్‌లూ నిండాయి. కార్లోస్ ఎస్తెవెస్ వేసిన బంతిని లిండోర్ గ్రాండ్ స్లామ్ కొట్టాడు, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. 2009లో ఆ మైదానం కట్టాక మెట్స్ అక్కడ ఒక ప్లేఆఫ్ సిరీస్ గెలిచి ముగించడం అదే మొదటిసారి. స్టేడియం ఊగిపోతోంది. లిండోర్ మాత్రం చేతులు ఎత్తలేదు, గెంతలేదు, మొహం బిగించుకుని బేస్‌లన్నీ చుట్టి వచ్చాడు.

మా అమ్మాయికి అప్పటికి తొమ్మిదేళ్ళు. బైనాక్యులర్స్ అక్కర్లేదు, టీవీ నిండా లిండోర్ మొహమే. "ఏంటి నాన్నా, నవ్వట్లేదు?" అంది.

"ఇంకా మూడు ఇన్నింగ్స్ ఫీల్డింగ్ ఉంది కదమ్మా" అన్నాను.