డి డ్రైవ్ లేని కంప్యూటర్లో ఎర్రర్ ఎందుకు?

ప్రశ్న: విజువల్ స్టూడియోలో చేసిన నా సి++ ప్రాజెక్టు నా ల్యాప్‌టాప్‌లో బాగానే బిల్డ్ అవుతోంది. స్నేహితురాలికి పంపితే హెడర్ ఫైల్ దొరకడం లేదని సి1083 ఎర్రర్ వస్తోంది. సబ్మిషన్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది సార్. – ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: కోడ్ జోలికి వెళ్లకమ్మా. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో అడిషనల్ ఇన్‌క్లూడ్ డైరెక్టరీస్ తెరిచి చూడు. అక్కడ నీ డి డ్రైవ్ పాత్ మొత్తం రాసి ఉంటుంది. ఆ అమ్మాయి మెషీన్లో ఆ ఫోల్డరే లేదు కదా! హెడర్లను సొల్యూషన్ ఫోల్డర్లోకి తెచ్చి, ఆ పాత్ బదులు $(సొల్యూషన్‌డిర్)ఇన్‌క్లూడ్ అని రాయి (అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే సుమా). మధ్యలో స్లాష్ అక్కర్లేదు, ఆ మాక్రో (సొల్యూషన్ ఫోల్డర్ పాత్‌కు బదులుగా వాడే పేరు) చివర బ్యాక్‌స్లాష్ ముందే ఉంటుంది. ఎడిట్ పెట్టెలో మాక్రోస్ బటన్ నొక్కితే ప్రతి మాక్రో విలువా కనిపిస్తుంది. ఊహించడం కన్నా అది చూసుకోవడం నయం.

ఆ చివరి స్లాషే పోస్ట్-బిల్డ్ కమాండ్లలో (బిల్డ్ అయ్యాక నడిచేవి) తంటా తెస్తుంది. కొటేషన్ల మధ్య $(అవుట్‌డిర్), అంటే అవుట్‌పుట్ ఫోల్డర్ మాక్రో పెడితే, స్లాష్ పక్కనున్న కొటేషన్ గుర్తును కొన్ని ప్రోగ్రాములు పేరులో భాగమనుకుంటాయి. మాక్రో తర్వాత, కొటేషన్‌కు ముందు ఒక చుక్క పెట్టు, సరిపోతుంది.

లైబ్రరీ సొల్యూషన్ బయట ఉండక తప్పదంటే, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (విండోస్‌లో ఒక పేరుతో దాచుకునే విలువ) పెట్టుకుని దాన్నీ ఇలాగే $(పేరు) అని వాడొచ్చు. పెట్టాక విజువల్ స్టూడియోను మూసి తెరవాలి.

మార్చేముందు ప్రాపర్టీస్ పెట్టెలో పైన ఆల్ కాన్ఫిగరేషన్స్ ఎంచుకో. డిబగ్, రిలీజ్ అని బిల్డ్ సెట్టింగులు విడివిడిగా ఉంటాయి. లేకపోతే డిబగ్‌లో మాత్రమే మారి, రిలీజ్‌లో అదే ఎర్రర్ మళ్లీ పలకరిస్తుంది.