‘అతను’ అని రాయాలా, ‘ఆమె’ అని రాయాలా?

సందేహం: నేను సినిమా సమీక్షలు రాస్తుంటాను. మొదటి సగంలో అబ్బాయిగా కనిపించి, తరువాత స్త్రీగా బతికే పాత్ర ఎదురైనప్పుడల్లా తికమక పడుతున్నాను. మొదటి సగానికి ‘అతను’, రెండో సగానికి ‘ఆమె’ అని రాస్తే తప్పా? ‘హిజ్రా’ అనడం అవమానమని ఒక మిత్రురాలు, ‘ట్రాన్స్‌జెండర్’ ఇంగ్లీషు మాట కనుక ‘నపుంసకుడు’ అనే రాయాలని మరొకరు అంటున్నారు. ఏది సరైనది? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: ముందు ‘నపుంసకుడు’ సంగతి తేల్చేద్దాం. ఆ మాట రాయకండి. మన వాడుకలో దానికి సంసారానికి పనికిరాని మగవాడు అన్న అర్థం స్థిరపడింది. పిరికివాణ్ణి తిట్టడానికీ అదే మాట వాడతారు. ఒక మనిషి తాను స్త్రీనని లోపల ఎరిగి ఉండటానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ‘వ్యాకరణంలో నపుంసక లింగం ఉంది కదా’ అని మీ మిత్రులు అనవచ్చు. అక్కడ లింగం శబ్దానిది, మనిషిది కాదు. సంస్కృతంలో భార్య అనే అర్థమున్న ‘కళత్రం’ నపుంసక లింగం. అదే భార్యను చెప్పే ‘దార’ శబ్దం పుంలింగం, పైగా ఎప్పుడూ బహువచనమే. శబ్దాన్ని బట్టి మనిషిని నిర్ణయిస్తే ఆ ఇల్లాలిని ఏమనాలి?

‘తృతీయ ప్రకృతి’ (మూడో స్వభావం) సొంపైన మాటే, పాతదే. కానీ అమరకోశం దాన్ని నపుంసక పర్యాయాల్లోనే చేర్చింది. పైగా తనను స్త్రీగా చెప్పుకునే మనిషిని మూడో వరుసలో కూర్చోబెడుతుంది. పురుషుడిగానో, స్త్రీగానో, మూడో జెండర్‌గానో తన గుర్తింపును తానే నిర్ణయించుకునే హక్కు మనిషికి ఉందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పులో చెప్పింది. కనుక తాము మూడో జెండర్ అని చెప్పుకునేవారికి ఆ మాట నప్పుతుంది, అందరికీ కాదు. ‘బృహన్నల’ అని రాసేవాళ్లూ ఉన్నారు. విరాటుడి కొలువులో అర్జునుడిది అజ్ఞాతవాసపు రూపం, ఏడాది గడిస్తే తీసేసేది. ట్రాన్స్ మహిళ, అంటే పుట్టినప్పుడు అబ్బాయి అనిపించుకుని స్త్రీగా బతికే మనిషి, జీవితం వేషం కాదు. పోలిక అక్కడే చెడిపోతుంది.

ఇక ‘హిజ్రా’. దాన్ని తిట్టుగా విసిరేవాళ్లు ఉన్నమాట నిజమే. అయినా అది గురువు, చేలా (శిష్యురాలు) అనే బంధాలతో, తనవైన కట్టుబాట్లతో బతికే ఒక సమాజం పేరు. ఎ. రేవతి ఆత్మకథకు పి. సత్యవతి గారు చేసిన తెలుగు అనువాదం ‘ఒక హిజ్రా ఆత్మకథ’ 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకుంది. రాసిన మనిషి తనను చెప్పుకోవడానికి ఎంచుకున్న మాట కనుక ఆ శీర్షికలో ‘హిజ్రా’ నిండుగా ఉంది. మీ సినిమాలోని పాత్ర ఆ సమాజంలో ఉంటే ‘హిజ్రా’ అనండి. బ్యాంకులో ఉద్యోగం చేస్తూ ఒంటరిగా ఉండే పాత్రయితే ఆ మాట పొరపాటే అవుతుంది. అక్కడ ‘ట్రాన్స్ మహిళ’ అనాలి. ఇంగ్లీషు మాట అన్న అభ్యంతరం నాకు లేదు. బస్సు, డాక్టరు మనవైనట్టే ఇదీ మనదవుతుంది. ఒక్క జాగ్రత్త: ‘ట్రాన్స్‌జెండర్లు’ అని ముద్ద కట్టేకంటే ‘ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు’ అనడం మర్యాద.

అసలు చిక్కు సర్వనామంలో ఉంది. మీ ప్రశ్నలో నాకు నచ్చిన భాగమూ ఇదే. 2015లో విడుదలైన కన్నడ చిత్రం ‘నాను అవనల్ల అవళు’ పేరుకు ‘నేను అతను కాదు, ఆమె’ అని అర్థం. ట్రాన్స్ మహిళ లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ ఆధారంగా తీశారు. నటించిన సంచారి విజయ్‌కి ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. కన్నడంలో క్రియ మూడు రకాలు: అతనికి ఒకటి, ఆమెకు ఒకటి, వస్తువుకు ఒకటి. తెలుగు ఏకవచనంలో ఆమెకూ వస్తువుకూ ఒకటే క్రియ. ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’. చిన్నయసూరి వ్యాకరణంలోనూ స్త్రీలు మహత్తులో, అంటే పురుషులను చెప్పే పదాల వర్గంలో, చేరరు. అందువల్ల ట్రాన్స్ మహిళ గురించి ‘వచ్చింది’ అని రాయడంలో కొత్త అగౌరవమేమీ లేదు. అగౌరవమంతా ‘అది’లో ఉంది. మన కామెడీ సీన్లలో ఏళ్ల తరబడి వినిపించిన ‘అది’, ‘వాడు’, ‘తేడాగాడు’, ‘పాయింట్ ఫైవ్’ థియేటర్లను నవ్వించాయి. ఆ హాల్లోనే కూర్చున్న పదిహేనేళ్ల బిడ్డ ఎవరో నవ్వలేక తల వంచుకుని ఉంటుంది. ఆ మాటలు సమీక్షకుడి కలంలోకి రాకూడదు. సినిమాలో అలాంటి డైలాగ్ ఉంటే ఉందని చెప్పి, తప్పని రాయండి.

మొదటి సగానికి ‘అతను’ వద్దు. పాత్ర తానెవరో చెప్పుకున్నాక కథ మొత్తానికీ ఆ సర్వనామమే వర్తిస్తుంది. ‘అబ్బాయిగా పుట్టి అమ్మాయిగా మారాడు’ అని అలవాటుగా రాస్తాం. ఆ చివరి ‘డు’ అమ్మాయి అన్న మాటను వెంటనే వెనక్కి లాగేస్తుంది. ‘ఇంట్లో ఆమెను అబ్బాయిగా పెంచారు’ అనండి. కథా తెలుస్తుంది, మనిషీ నిలుస్తుంది. ట్రాన్స్ పురుషుడి పాత్రకు ఇదే పద్ధతిలో ‘అతను’. రెంటిలోనూ ఇమడని పాత్ర ఉంటే మనకు ‘వారు వచ్చారు’ ఉండనే ఉంది. పెద్దలందరినీ అలాగే అంటాం కదా.

ఒక మినహాయింపు ఉంది. తమిళ చిత్రం ‘సూపర్ డీలక్స్’లో (2019) ట్రాన్స్ మహిళ శిల్ప తిరిగి ఇంటికి వస్తే, కొడుకు నాన్నగానే పిలుస్తాడు. అందులో ప్రేమ తప్ప మరేమీ లేదు. ఆ పిలుపు ఆ ఇద్దరిదీ. సమీక్షలో ఆ సన్నివేశాన్ని ఉన్నదున్నట్టు చెప్పండి. కానీ ‘బిడ్డే నాన్నా అన్నాడు’ అని పట్టుకుని మనం ‘అతను’ అనడానికి వీల్లేదు. నటుడినీ పాత్రనూ ఒకే వాక్యంలో కలిపితే గందరగోళం. ‘విజయ్ సేతుపతి శిల్ప పాత్ర పోషించాడు. శిల్ప ఊరికి తిరిగొచ్చింది’ అని రెండుగా విడగొట్టండి. తమిళ చిత్రం ‘పేరన్బు’లో అంజలి అమీర్‌లా ట్రాన్స్ మహిళే ఆ పాత్ర వేసినప్పుడు ‘నటి’ అంటే చాలు. ప్రతి వాక్యంలో ‘ట్రాన్స్ నటి’ అని గుర్తు చేయనక్కర్లేదు.