రంగులు మారే లైట్ కత్తిలో ఎరుపు ఒక్కటే ఎందుకు వెలుగుతోంది?

బటన్ ఎన్నిసార్లు నొక్కినా బొమ్మ కత్తి ఎర్రగానే వెలుగుతుంటే, చాలావరకు బ్యాటరీలు నీరసించాయని అర్థం. లోపల ఉండేవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలే. మిగతా రంగులన్నీ వాటి కలయిక. ఎరుపు వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు, మిగతా రెండింటికీ దాదాపు 3 కావాలి. ఉదాహరణకు 1.5 వోల్టుల సెల్స్ మూడు వేస్తే కొత్తలో 4.5 వస్తుంది. ఒక్కోటి 0.9కి పడిపోతే మొత్తం 2.7 మాత్రమే. అప్పుడు నీలం, ఆకుపచ్చ మసకబారి, తెలుపు కూడా ఎర్రగా కనిపిస్తుంది. లైటు కాలిపోయిందనుకుని కత్తిని పారేస్తుంటారు, పాపం దాని తప్పేమీ లేదు. సెల్స్ మూడూ ఒకేసారి మార్చండి. పాతా కొత్తా కలిపితే పాతవి కారిపోవచ్చు. కొత్త కత్తి అసలే వెలగకపోతే మాత్రం, సెల్స్ దగ్గర అడ్డంగా పెట్టిన ప్లాస్టిక్ ముక్క లాగేశారో లేదో చూడండి.