బలం 16 ఉన్నా ఇనుప తలుపు లేవలేదెందుకు? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మేము ఐదుగురం హాస్టల్‌లో సెలవు రోజుల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక కథాపాత్రగా మారి, పాచికలు వేస్తూ ఆడే ఆట) ఆడుతున్నాము. నా యోధుడి బలం 16, మిత్రుడి మాంత్రికుడి బలం 8. కోటలోని ఇనుప తలుపు పైకెత్తాలంటే మొత్తం 15 రావాలని, కథను నడిపించే గేమ్ మాస్టర్ చెప్పాడు. నాకు ఇరవై ముఖాల పాచికపై 4 పడింది, తలుపు కదల్లేదు. మాంత్రికుడికి 18 పడింది, ఎత్తేశాడు. అందరూ నవ్వారు. మరి నా 16కు విలువేముంది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ బాధ న్యాయమైనదే. ముందుగా లెక్క చూద్దాం. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ నియమాల ప్రకారం బలం వంటి సామర్థ్యపు అంకెను పాచికకు నేరుగా కలపరు. అందులోంచి 10 తీసివేసి, మిగిలినదాన్ని సగం చేసి, భిన్నం వస్తే కిందికి సవరిస్తారు. అలా మీ 16 విలువ +3, మిత్రుడి 8 విలువ –1 అవుతాయి. పాచికకు చేర్చే కలుపు అంకె ఇదే. కాబట్టి మీ మొత్తం 7, ఆయన మొత్తం 17. ఇరవై ముఖాల పాచికపై 12 గాని అంతకు మించి గాని పడితే మీరు గెలుస్తారు, అంటే తొమ్మిది ముఖాలు మీవైపున్నాయి. ఆయనకు 16 నుంచి 20 వరకు ఐదు ముఖాలే ఉన్నాయి. నూటికి 45 అవకాశాలు మీకు, 25 ఆయనకు. మీరు ఓడి ఆయన గెలవడమన్నది నూటికి దాదాపు 14 సార్లు, అంటే సుమారు ఏడు సార్లలో ఒకసారి జరుగుతుంది. మీకు ఎదురైనది వింతేమీ కాదు.

నేరుగా వాడని అంకెను ఇంకా ఎందుకు రాసుకుంటున్నామని మీకు అనిపించవచ్చు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చినప్పుడు ఆరు ముఖాల పాచికలు మూడు వేసి, వాటి మొత్తాన్ని ఒక్కో సామర్థ్యానికి రాసుకునేవారు. మూడు పాచికలు పడే 216 విధాల్లో 18 వచ్చేది ఒకే ఒక్క విధంగా. 10, 11 మాత్రం చెరి 27 విధాలుగా వస్తాయి. అందుకే 10 అంటే మామూలు మనిషి, 18 అంటే అరుదైన మనిషి అన్న భావం ఆ అంకెల్లోనే ఇమిడి ఉంది. తర్వాతి కాలంలో చాలా ఆట బృందాల్లో ఇరవై ముఖాల పాచిక వేసి, తమ సామర్థ్యపు అంకెకు సమానంగా గాని తక్కువగా గాని పడితే గెలుపు అనుకునేవారు. ఆ పద్ధతిలో మీకు నూటికి 80, మీ మిత్రుడికి 40 అవకాశాలుండేవి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ దీన్ని తలకిందులు చేసి, పాచికకు కలుపు అంకెను చేర్చి లక్ష్య సంఖ్యను అందుకోవాలన్న ఒకే సూత్రం కిందికి దాదాపు అన్నింటినీ తెచ్చింది. దీనివల్ల పని ఎంత కష్టమో అంకెలో చెప్పడం తేలికైంది: ఇప్పటి లెక్కలో 10 సులువు, 15 మధ్యస్థం, 20 కష్టం. నేర్చిన విద్యకు వేరే కలుపు ఇవ్వడం కూడా కుదిరింది. మొదటి స్థాయి పాత్రకు అది +2. అయితే ఒక నష్టం కూడా జరిగింది. మీ ఇద్దరి బలాల మధ్య ఉన్న ఎనిమిది అంకెల దూరం, ఇరవై మెట్ల పాచిక ముందు నాలుగు మెట్లకు కుదించుకుపోయింది.

నా అభిప్రాయంలో దోషం ఈ సూత్రానిది కాదు, పాచిక వేయమని అడిగిన సందర్భానిది. నేను గేమ్ మాస్టర్‌గా కూర్చున్న కొత్తలో ఒక బోషాణం తెరవడానికి నలుగురు ఆటగాళ్లను ఒకరి తర్వాత ఒకరిని పాచిక వేయనిచ్చాను. ఒక్కొక్కరికి నూటికి 25 అవకాశాలే ఉన్నా, నలుగురిలో ఎవరో ఒకరు గెలిచే అవకాశం 68 దాకా వెళుతుంది. చివరికి తెరిచింది తాళాల గురించి ఏమీ తెలియని పాత్ర. ఏళ్లపాటు ఆ విద్యే నేర్చిందని పాత్ర కథ రాసుకొచ్చిన అమ్మాయి మౌనంగా తన కాగితం మడత పెట్టుకుంది. ఆ మడత నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అప్పటినుంచి పాచిక అడిగే ముందు, ఓడిపోతే ఏమవుతుందన్న ప్రశ్న వేసుకుంటున్నాను. ఏమీ కాదు, కావలసినంత సమయం ఉంది అనుకుంటే మీ యోధుడు తలుపు ఎత్తేశాడని చెప్పి కథను ముందుకు నడుపుతాను. చప్పుడుకు కాపలావాళ్లు వస్తారంటే మాత్రం ఒకే పాచిక, ఒకే ప్రయత్నం. మీరు ఎత్తుతుంటే మాంత్రికుడు తన కర్రను తలుపు కిందికి దూర్చి తోడ్పడవచ్చు. అలాంటప్పుడు మీరు రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటారు, మీ అవకాశం 45 నుంచి దాదాపు 70కి పెరుగుతుంది. ఈ మాట మీ గేమ్ మాస్టర్‌తో ఆట మధ్యలో కాకుండా, తర్వాతి ఆట మొదలయ్యే ముందు ప్రశాంతంగా చెప్పండి.

ప్రశ్న: ఆరు సామర్థ్యాల్లో ఇంటెలిజెన్స్, విజ్డమ్ రెండూ తెలివే కదా? తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: విజ్డమ్‌ను చాలామంది వివేకమని అనువదిస్తారు, గందరగోళం అక్కడే పుడుతోంది. ఈ ఆటలో ఆ సామర్థ్యం చుట్టూ ఉన్న నైపుణ్యాలను చూడండి: చిన్న అలికిడిని పసిగట్టడం, ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని గ్రహించడం, అడవిలో జాడ తీయడం, జంతువును మచ్చిక చేసుకోవడం. వీటికి మన భాషలో ‘ఎరుక’ అన్న మాట చక్కగా సరిపోతుంది. ఎరుక చెప్పే అమ్మ చేయి పట్టుకుని మన ముఖంలోకి చూసే చూపు గుర్తుకు తెచ్చుకోండి. ఇంటెలిజెన్స్ మాత్రం చరిత్ర, మంత్రశాస్త్రం వంటి చదువుకూ, ఆధారాలు పేర్చి తర్కించడానికీ చెందుతుంది. గదిలోకి అడుగు పెట్టగానే ఒక పలక కింద బోలుగా మోగిందని వినిపించడం ఎరుక. పలక అంచున అరిగిన గీతలు చూసి, దీన్ని తరచుగా ఎవరో పక్కకు జరుపుతున్నారని తేల్చడం తెలివి. మీ పాత్ర ఏ విధంగా వెతుకుతోందో మాటల్లో చెబితే, ఏ సామర్థ్యం వాడాలో గేమ్ మాస్టర్‌కు దానంతట అదే తెలిసిపోతుంది.

ప్రశ్న: పాచికపై 20 పడితే ఏ పనైనా జరిగి తీరాలని మా తమ్ముడి వాదన. నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 2014 నియమాల్లో దాడి చేసేటప్పుడు 20 పడితే దెబ్బ తగిలి తీరుతుంది. తలుపు ఎత్తడం, ఎదుటివారిని ఒప్పించడం వంటి పనులకు వేసే నైపుణ్య పరీక్షకు ఆ నియమం లేదు. 20కి కలుపు చేర్చినా లక్ష్య సంఖ్య అందకపోతే ఓటమే. సింహాసనం ఇచ్చేయమని రాజును అడిగినప్పుడు 20 పడితే, ఆయన దాన్ని చమత్కారంగా తీసుకుని మీ తమ్ముణ్ణి చెరసాలకు పంపకుండా వదిలేయవచ్చు. అసలు జరగనే జరగని పనికైతే గేమ్ మాస్టర్ పాచిక చేతికివ్వకుండా ఉండడమే మంచిది, ఎందుకంటే పాచిక చేతికిచ్చాక ఆటగాడు ఆశ పెట్టుకుంటాడు.